బస్సు ఎక్కడ పడుకుంటది?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ పెద్దాయన పేరు అట్ట మీద ఉంది. లోపల మళ్లీ మళ్లీ అచ్చు వేస్తే ఆయనకు నచ్చదు. ఆర్టీసీ డిపోలో అందరం ఆయనను చార్ట్ సారు అనేవాళ్లం. ఇక్కడా అదే అంటాను.

ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని ఒక్కటే. ఏ బస్సు ఎన్ని గంటలకు గేటు దాటాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగితే ఏ డ్రైవరు ఎక్కాలి, స్పేరు బస్సు ఎవరికి ఇవ్వాలి, ఇవన్నీ ఒక పెద్ద కాగితం మీద పెన్సిలుతో గీసేవారు. ట్రాఫిక్ విభాగంలో నేను కొత్తగా చేరిన రోజుల్లో ఉట్నూరు దిక్కు ఒక కొత్త రూటు ప్రతిపాదన పట్టుకుని ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను. ఎన్ని ఊళ్లు తగులుతాయో, కిలోమీటరుకు ఎంత రాబడి (ఈపీకే) వస్తుందో, సీట్లు ఎంత శాతం నిండుతాయో (ఓఆర్) అంతా రాసుకుని పోయాను. ఆయన ఆ కాగితం తిరగేసి కూడా చూడలేదు. "బస్సు ఎక్కడ పడుకుంటది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పోయి కనుక్కుని రమ్మన్నారు.

ఈ రోజు నాకిచ్చిన విషయం విద్యుత్ బస్సులు, వేగ బస్సు మార్గాలు (బీఆర్‌టీ). ఆఫ్రికాలో పెద్ద నగరాలు ఈ దారి పట్టాయి, మన కరీంనగర్, ఆదిలాబాద్‌లకు అందులో ఏముందో చెప్పమన్నారు. నాకు మాత్రం ఎక్కడి నుంచి మొదలుపెట్టినా చివరికి చార్ట్ సారు అడిగిన ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి పడుతున్నాను.

నైట్ ఔట్ బస్సు సంగతి ఈ సభలో సగం మందికి నేను చెప్పనక్కర్లేదు. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో ఆఖరి ట్రిప్పు ఊరు చేరుతుంది. పంచాయతీ ఆఫీసు ముందో, బడి పక్కనో ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు ఎవరింట్లోనో ఇంత తిని, బస్సులోనే నడుం వాలుస్తారు. ఎండాకాలమైతే టాపు మీద. తెల్లవారుజామున అయిదింటికి ఇంజను స్టార్టయితే ఊరికి అదే కోడి కూత. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, జిల్లా ఆసుపత్రికి పోయే గర్భిణి, ఐటీఐలో చదివే పిల్లలు, అందరూ అదే బస్సుకు. ఆ బస్సు రాత్రి డిపోకు వెనక్కి పోయి పొద్దున మళ్లీ రావాలంటే రెండు ట్రిప్పులు ఖాళీగా తిరగాలి. అందుకే అది ఊళ్లో పడుకుంటుంది. డీజిల్ బస్సుకు అది చెల్లుతుంది. మూడు వందల కిలోమీటర్ల తిండి కడుపులో పెట్టుకుని తిరిగే జంతువది, పది నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. విద్యుత్ బస్సుకు అట్లా కుదరదు. అది ఎక్కడ పడుకుంటే అక్కడే తినాలి.

ముందు కరీంనగర్ సంగతి. 2024 సెప్టెంబరు చివర్లో రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ చేతుల మీదుగా కరీంనగర్‌లో ముప్పైకి పైగా విద్యుత్ సూపర్ లగ్జరీ బస్సులు రోడ్డెక్కాయి. హైదరాబాద్‌లో విద్యుత్ బస్సు అప్పటికే పాతబడింది. 2019 మార్చిలోనే విమానాశ్రయం రూట్లలో నలభై ఏసీ బస్సులు మొదలయ్యాయి. రాజధాని దాటి జిల్లా డిపోలో అడుగుపెట్టిన తొలి చోట్లలో మనదొకటి. ఎంచుకున్న రూటు కరీంనగర్ నుంచి హైదరాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్). ఈ ఎంపికకు నేను పూర్తి మార్కులేస్తాను. ఎందుకో చెబుతాను.

కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా రైలు దారి నేటికీ పూర్తి కాలేదు. పెద్దపల్లి, నిజామాబాద్ లైనుంది గానీ అది రాజధానికి చుట్టుదారి. మనోహరాబాద్, కొత్తపల్లి లైను మీద 2023 అక్టోబరు 3న సిద్దిపేట దాకా రైలొచ్చింది, అక్కడి నుంచి ఇటు పని సాగుతోంది. అంటే ఇంత పెద్ద ఊరి ప్రయాణమంతా రాజీవ్ రహదారి మీదే. పోవడం సుమారు 160 కిలోమీటర్లు, రానుపోను 320 చిల్లర. దారి సాపు, ఘాట్లు లేవు, రెండు కొసలా పెద్ద బస్టాండ్లు. పన్నెండు మీటర్ల విద్యుత్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్, ఒకటింబావు యూనిట్ మధ్య తింటుంది. సరాసరి 1.1 అనుకుంటే ఒక బస్సుకు రోజుకు 350 యూనిట్లు. ముప్పై బస్సులకు పదివేల యూనిట్లు దాటుతుంది. అర్ధరాత్రి నుంచి అయిదు గంటల్లో అంతా ఎక్కించాలంటే డిపోకు 2 మెగావాట్ల పైచిలుకు లోడు కావాలి. అంటే బస్సు కొనడానికంటే ముందు కరెంటోళ్లతో మాట్లాడుకోవాలి. పాత రోజుల్లో డీజిల్ ట్యాంకరు రాకపోతే డిపో మేనేజరు ఫోను పట్టుకునేవాడు. ఇప్పుడు 11 కేవీ లైను ట్రిప్పయితే పట్టుకోవాలి.

డీజిల్‌తో అదే రూటు నడిపితే లీటరుకు అయిదు కిలోమీటర్ల లెక్కన ఒక బస్సు రోజుకు 65 లీటర్ల దాకా తాగుతుంది. అందుకే విద్యుత్ బస్సు ఎంత ఎక్కువ తిరిగితే అంత లాభం. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. తక్కువ తిరిగే బస్సు కట్టిన పైసలు రాబట్టలేదు. కరీంనగర్, జేబీఎస్ రూటు ఈ లెక్కకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆదిలాబాద్ అడవి రూట్లు ఈ లెక్కలో ఎందుకు పడవో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఆ మాట తర్వాత.

ఈ బస్సులు ఆర్టీసీ సొంతం కావు. కంపెనీయే బస్సు తెస్తుంది, డ్రైవరును పెడుతుంది, మరమ్మతు చూసుకుంటుంది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లించి టికెట్టు పైసలు తాను తీసుకుంటుంది. ఒప్పందాలు మామూలుగా పది పన్నెండేళ్లకు. కార్మిక సంఘాల అభ్యంతరం ఇక్కడే, అది కొట్టిపారేసేది కాదు. మన డిపోల్లో కేఎంపీఎల్ బోర్డు ఉండేది, ఏ డ్రైవరు లీటరుకు ఎంత తెచ్చాడో రాసి పెట్టేవాళ్లు. పైన పేరున్నవాడు కాలరు ఎగరేసేవాడు. బ్రేకు అవసరం పడకుండా బండి ఆపే ఒడుపు అది, ముప్పై ఏళ్ల చేతి నేర్పు. విద్యుత్ బస్సుకు ఆ ఒడుపు ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే మెల్లగా ఆపితే మోటారే జనరేటరై బ్యాటరీకి కరెంటు వెనక్కి పంపుతుంది. ఆ విద్య తెలిసినవాళ్లు మాత్రం ఆ సీట్లో లేరు. ఇది నాకు నొప్పిగానే ఉంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. జీరో టికెట్టు పుణ్యాన ఆ బస్సులు కిక్కిరిశాయి. మన దగ్గరికి మొదటొచ్చిన విద్యుత్ బస్సు ఆ టికెట్టు చెల్లని సూపర్ లగ్జరీ. జనం ఒక బస్సులో, కొత్త సొమ్ము ఇంకో బస్సులో. లెక్క ప్రకారం అది తప్పు కాదని ఇందాక నేనే చెప్పాను. కానీ లెక్క అక్కడితో ఆగితే జిల్లాకు ఒరిగేది తక్కువే.

ఇప్పుడు కాస్త సముద్రం దాటుదాం. నేను డకార్ చూడలేదు, చదివి తెలుసుకున్నదే చెబుతాను. సెనెగల్ రాజధాని అది, మూడు వైపులా సముద్రం, మధ్యలో సన్నటి నేల మీద 40 లక్షల దాకా జనం. అక్కడ రంగులేసిన పాత వ్యాన్లు తిరుగుతాయి, 'కార్ రాపిడ్' అంటారు. పేరులోనే వేగం, ట్రాఫిక్‌లో మాత్రం ఎవరికీ వేగం లేదు. 2023 డిసెంబరు 27న అక్కడ 18.3 కిలోమీటర్ల విద్యుత్ బీఆర్‌టీ ప్రారంభించారు, 2024 మేలో జనం ఎక్కడం మొదలైంది. 23 స్టేషన్లు, 18 మీటర్ల పొడవున నడుము దగ్గర మడత పడే బస్సులు 121. గంటన్నర దాటే ప్రయాణం 45 నిమిషాలకు దిగుతుందని అంచనా. బీఆర్‌టీ అంటే బస్సుకు రోడ్డు మధ్యన తనదైన వరస, ఎక్కకముందే స్టేషన్లో టికెట్టు, బస్సు గడప ఎత్తులోనే ప్లాట్‌ఫాం, కూడలిలో ముందుగా దానికే దారి. బ్రెజిల్‌లోని కురితిబా 1974లో మొదలుపెట్టింది, బొగోటా 2000లో దాన్ని మెట్రో స్థాయికి తీసుకెళ్లింది. లాగోస్ 2008లో 22 కిలోమీటర్లతో చౌక రకం ఒకటి వేసింది. ఇన్ని నగరాల్లోనూ వేగం ఇచ్చింది వరసే. బ్యాటరీ పొగ తగ్గిస్తుందే తప్ప ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సును ఒక్క అంగుళం కూడా ముందుకు నెట్టలేదు. విద్యుత్ బస్సు వచ్చిందంటే వేగం వచ్చినట్టే అనుకునే పొరపాటు మన దగ్గర కొంచెం ఎక్కువ.

డకార్ కన్నా నాకు ఎక్కువ పాఠం చెప్పింది టాంజానియాలోని దారెస్సలాం. అక్కడ 2016 మేలో బీఆర్‌టీ మొదలైంది, మొదటి దశ 21 కిలోమీటర్లు, డీజిల్ బస్సులు. జనం దానికి స్వాహిలీలో 'మ్వెండొకాసి' అని పేరు పెట్టుకున్నారు, వేగం అని అర్థం వచ్చే మాట. వరస బాగుంది, స్టేషన్లు బాగున్నాయి. పాత మినీబస్సులు నడిపే డలడల యజమానుల సంఘాలకు కూడా కొత్త సంస్థలో భాగం ఇచ్చారు. కానీ డిపో కట్టింది ఎక్కడ? జంగ్వాని అనే చోట, మ్సింబాజి నది వరద పారే నేల మీద. ఊరి నడిమధ్య ఖాళీగా దొరికిన స్థలం అదే మరి. వాన గట్టిగా పడ్డప్పుడల్లా డిపో మునిగింది, బస్సులు పాడయ్యాయి, సర్వీసు ఆగింది. పగలు ఎట్లా పరుగెత్తాలో అన్నీ ఆలోచించినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకోవాలో ఆలోచించలేదు. అది చదివినప్పుడు చార్ట్ సారు నా భుజం మీద చెయ్యేసినట్టయింది.

నవ్వుకోనక్కర్లేదు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మంచిర్యాల కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా వరద దూకింది. మన దగ్గరా వాగు ఒడ్డునో చెరువు శిఖంలోనో ప్రభుత్వ స్థలం ఖాళీగా కనపడుతుంది, ఛార్జింగ్ డిపోకు అదే చూపిస్తారు. నీళ్లలో నిలబడ్డ డీజిల్ బస్సును ఎండబెట్టుకోవచ్చు. నీళ్లలో నిలబడ్డ 11 కేవీ సబ్‌స్టేషన్ దగ్గరికి పోవడానికే భయం.

బీఆర్‌టీ మన తెలుగు నేల మీదకు ఎప్పుడో వచ్చింది, నిలవలేదు. కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం సొమ్ముతో విశాఖలో పెందుర్తి, సింహాచలం కారిడార్లు వేశారు. రోడ్లు వెడల్పయ్యాయి గానీ బస్సుకు తనదనే వరస స్థిరపడలేదు. విజయవాడలో పేరు మిగిలింది. 'బీఆర్‌టీఎస్ రోడ్డు' అంటే ఆటోవాడు తిన్నగా తీసుకెళ్తాడు. సాయంత్రం జనం అక్కడికి నడకకు వస్తారు, తిండికి వస్తారు, బస్సు కోసం మాత్రం రారు. ఢిల్లీలో 2008లో వేసిన ఆరు కిలోమీటర్ల లోపు ముక్కను 2016లో పీకేశారు. అహ్మదాబాద్‌ది 2009 నుంచి నడుస్తోంది. తేడా ఇంజనీరింగ్‌లో లేదు. కారు యజమాని అరిచినప్పుడు వరస కాపాడే పోలీసు ఉన్నాడా లేదా అన్నదే తేడా.

అందుకే కరీంనగర్‌కు బీఆర్‌టీ కావాలని నేను అడగను. 2011 జనాభా లెక్కల్లో మన పురపాలక పరిధి 2.61 లక్షలు, ఆదిలాబాద్ 1.17 లక్షలు. కేంద్రం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ పథకం మామూలు నగరాలకు పెట్టిన గీత, అదే 2011 లెక్కల్లో, 3 లక్షలు. ఊరు ఆ తర్వాత ఎంత పెరిగిందో టవర్ సర్కిల్‌లో సాయంత్రం నిలబడితే తెలుస్తుంది, లెక్కల పుస్తకానికి తెలియదు. మనకు కావలసింది ఇరవై కిలోమీటర్ల ప్రత్యేక మార్గం కాదు, గొంతు దగ్గర కొద్ది దూరం. హైదరాబాద్ బస్సు అలుగునూరు దాకా హాయిగా వస్తుంది. అక్కడి నుంచి మానేరు వంతెన దాటి బస్టాండులో ప్లాట్‌ఫాం పట్టేసరికి ప్రాణం విసుగుతుంది. 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచారు, సదాశివపల్లి వైపు ఇంకో దారి దొరికింది. దాని మీద ఫొటోలు దిగడం బాగుంది, వరంగల్ బస్సులకు అదెంత పనికొస్తుందో కూడా గడియారం పెట్టి కొలవాలి. అలుగునూరు నుంచి బస్టాండు దాకా పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక వరస బస్సుకు వదిలితే, కూడళ్లలో సిగ్నలు దానికి ముందు పడితే, ఒక్కో ట్రిప్పుకు పది నిమిషాలు మిగిలినా రోజు మొత్తంలో ఒక బస్సు పని మిగులుతుంది. చార్టు గీసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. పది నిమిషాల చొప్పున పోగేస్తేనే ఒక కొత్త సర్వీసు పుడుతుంది.

షేర్ ఆటోలను ఏం చేస్తారని అడుగుతారు. మహాలక్ష్మి వచ్చాక ఆటోవాళ్లు రోడ్డెక్కి ధర్నాలు చేసింది చూశాం. దారెస్సలాంలో డలడల యజమానులను కూర్చోబెట్టినట్టు ఇక్కడా కూర్చోబెట్టాలి. రేకుర్తి, బొమ్మకల్ వైపు నుంచి స్టాపుకు తెచ్చి దించే పని వాళ్లది, పెద్దరోడ్డు బస్సుది. ఇంతకు మించి దీని మీద నాకు కొత్తగా తోచింది లేదు.

ఆదిలాబాద్ వేరే కథ. 2016 అక్టోబరులో పాత జిల్లా నాలుగైంది. బెజ్జూరు మనిషి కలెక్టరేటు కోసం ఆదిలాబాద్ దాకా పోయే రోజులు పోయాయి, ఆసిఫాబాద్ చాలు. రూట్లు మాత్రం చాలా చోట్ల పాత జిల్లా గీతల మీదే తిరుగుతున్నాయి. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు జాతీయ రహదారి 44 మీద సుమారు 300 కిలోమీటర్లు. విద్యుత్ బస్సు ఒక ఛార్జితో అటు చేరుతుంది, తిరిగి రావాలంటే అక్కడ తినాల్సిందే. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ కరుగుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. చలికాలం జిల్లాలో 5 డిగ్రీల కిందికి పడుతుంది, మేలో 45 దాకా పోతుంది. రెండూ బ్యాటరీకి పడవు. కాబట్టి కంపెనీ కాగితం మీద రాసిచ్చిన దూరాన్ని ఇక్కడ యథాతథంగా నమ్మకూడదు, అయిదో వంతు తగ్గించుకుని చార్టు గీయాలి.

అసలు చిక్కు కెరమెరి ఘాటుకు అటూ ఇటూ, జైనూరు, నార్నూరు దిక్కు. బస్సు రోజంతా తిరిగినా రెండు వందల కిలోమీటర్లు దాటదు. వాగు పొంగితే ఆ రోజుకు అంతే. కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు అని రాసుకున్న ఒప్పందం ఈ దారికి సరిపడదు. కంపెనీ రాదు. వచ్చినా, తిరగని కిలోమీటర్లకు ఆర్టీసీ డబ్బు కట్టాలి. ఇక్కడ బస్సు ఆర్టీసీదే కావాలి, డ్రైవరు ఆర్టీసీవాడే కావాలి అంటాను నేను. కొందరు మిత్రులకు ఇది పాతకాలపు మాటలా ఉంటుంది, ఉండనీ.

మరి ఛార్జింగ్? ఇక్కడే నాకు ఆశ. రెండు వందల కిలోమీటర్ల బస్సుకు 250 యూనిట్లు పెట్టుకుందాం. అది రాత్రి తొమ్మిది నుంచి పొద్దున అయిదు దాకా ఎనిమిది గంటలు ఊళ్లో పడుకుంటుంది. గంటకు 31 యూనిట్లు చాలు. అంటే 31 కిలోవాట్లు. అయిదు హెచ్‌పీ బాయి మోటార్లు ఎనిమిదో తొమ్మిదో కలిసి నడిచినంత లోడు. ఒక 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఆ పని చేసిపెడుతుంది, అలాంటివి మన పొలాల గట్ల మీద ఎన్ని లేవు? జేబీఎస్ బస్సుకు కావలసిన పెద్ద ఛార్జరు దీనికి అక్కర్లేదు. మెల్లగా తినే బస్సుకు చిన్న ప్లగ్గు చాలు. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక షెడ్డు, ఒక మీటరు, ఎలుకలు కొరకని వైరు. వాన నీళ్లు చేరని మిట్ట నేల కావాలన్నది దారెస్సలాం చెప్పింది. ఇన్నాళ్లూ నైట్ ఔట్ బస్సును విద్యుత్తుకు అడ్డంకి అనుకున్నాం. రోజులో ఎనిమిది గంటలు కదలకుండా నిలబడే బస్సు కన్నా ఛార్జింగ్‌కు అనువైనది ఇంకేముంటుంది?

కరెంటు ఎక్కడిదని కూడా అడగాలి. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, పక్కనే సింగరేణి బొగ్గు. కరీంనగర్ బస్సు వెనక పొగ పోయింది, గోదావరిఖని వాళ్ల తలల మీద చిమ్నీ పొగ అట్లాగే ఉంది. అదే ఎన్టీపీసీ 2022 జులైలో రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సౌర పలకలు తేల్చింది. సూర్యుడు పగలు పనిచేస్తాడు, బస్సు రాత్రి తింటుంది, ఇద్దరికీ పొంతన లేదు. పదకొండు నుంచి మూడు దాకా బస్టాండులో రద్దీ తగ్గే వేళ కొన్ని బస్సులను గంటసేపు ప్లగ్గుకు కడితే కొంత కుదురుతుంది. దాని కోసం చార్టు మళ్లీ గీయాలి, డ్రైవర్ల అన్నం వేళ బస్సు అన్నం వేళ ఒకటి చేయాలి.

మేడారం ఒకటి మిగిలింది. రెండేళ్లకోసారి సమ్మక్క, సారలమ్మ జాతరకు మన డిపోలు దాదాపు ఖాళీ అవుతాయి. 2024 ఫిబ్రవరిలో ఆర్టీసీ ఆరు వేల బస్సుల ప్రణాళిక వేసింది. కరీంనగర్ నుంచి రానుపోను 300 పైమాటే, పైగా క్యూలో గంటల తరబడి. డిపో బస్సులన్నీ విద్యుత్ అయిననాడు ఆ అడవిలో ఆ నాలుగు రోజులకు ఛార్జర్లు ఎట్లా నిలబెడతారు? ఊళ్లో పెళ్లికి జనరేటరు తెచ్చినట్టు డీజిల్ జనరేటరు తెస్తే నవ్వులపాలు. ప్రతి డిపోలో కొన్ని డీజిల్ బస్సులు జాతర కోసం ఉంచుకోవాలని నా అభిప్రాయం. శివరాత్రికి వేములవాడ, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, ఇవీ ఉన్నాయి. మన క్యాలెండరు డకార్ వాళ్ల దగ్గర ఉండదు, మనమే పెట్టుకోవాలి.

చార్ట్ సారు కుటుంబం ఆయన గీసిన పాత చార్టులు రెండు ఇచ్చింది. సభ అయ్యాక బయట బల్ల మీద చూడండి. ఎడమ వైపు సర్వీసు నంబర్లు, నడుమ వేళలు, కుడి వైపు చివరి గడిలో రాత్రి బస్సు ఆగే ఊళ్ల పేర్లు. ఒకటి రెండు పేర్లు నేను చదవలేకపోయాను, ఉట్నూరు దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కొంచెం జాగ్రత్త, అదంతా పెన్సిలే. వేలు తగిలితే చెరిగిపోతుంది.